కంభం కట్ట మీద ఒక ఒపెరా

"చూస్తా ఉంటే నువ్వు కూడా మీ అత్త మాదిరే అయ్యేట్టు ఉండావు."

ఫోన్‌లో అమ్మ అన్న ఈ ఒక్క మాట నన్ను రైలెక్కించింది.

మా ఇంట్లో ఈ మాటకి అర్థం అందరికీ తెలుసు. అత్త అంటే మా నాన్న చెల్లెలు. కంభంలో ఉంటుంది. 2002 కరువు ఏడాది మామ బెంగళూరుకి పనికి పోయాడు. మొదట్లో వారానికోసారి వీధి చివర ఎస్టీడీ బూత్‌కి ఫోన్ వచ్చేది. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత రాలేదు. మనిషి బాగానే ఉన్నాడనీ, అక్కడే వేరే ఇల్లు పెట్టుకున్నాడనీ ఏడాదికి గానీ తెలియలేదు. ఆ ఏడాదంతా అత్త రోజూ స్టేషన్‌కి పోయి గిద్దలూరు వైపు నుంచి వచ్చే బండ్లు చూసి వచ్చేది. సంగతి తెలిశాక స్టేషన్ మానేసి సాయంత్రాలు చెరువు కట్ట మీదికి పోవడం మొదలుపెట్టింది. తనలో తనే మాట్లాడుకునేది. ఊరు ఒక మాట తేల్చేసింది. తిక్క. తాయెత్తులు కట్టించారు. పిల్లల్ని ఆమె దగ్గరికి ఎక్కువ పోవద్దన్నారు. నేనూ పోలేదు.

ఇప్పుడు నా సంగతి. హైదరాబాద్‌లో ఉద్యోగం. నాలుగేళ్లు కలిసి తిరిగిన మనిషి ఒక ఆదివారం చాలా మర్యాదగా "ఇంక వద్దు" అన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు నేను చేసిన పని ఒక్కటే. వాట్సాప్ తెరవడం, అతని లాస్ట్ సీన్ చూడటం, మూసేయడం. మళ్లీ తెరవడం. అతను లాస్ట్ సీన్ దాచేశాక డీపీ చూడటం. రాత్రి రెండుకి ఒకసారి, మూడుకి ఒకసారి. మీలో కొందరికి ఈ పని తెలిసే ఉంటుంది. తెలియకపోతే అదృష్టవంతులు.

ఆ మూడు నెలలూ నా చెవుల్లో మోగింది సినిమా పాట కాదు. ఒక రాత్రి యూట్యూబ్ దానంతట అదే ఒక ఒపెరా పాటని నా ముందుకు తోసింది. వదిలేసి వెళ్లిపోయిన వాడి కోసం ఒక రాణి చనిపోయే ముందు పాడే పాట. హెన్రీ పర్సెల్ అనే ఇంగ్లిష్ సంగీతకారుడి 'డైడో అండ్ ఈనియస్' లోది. 1689లో లండన్ పక్కన చెల్సీలో ఒక ఆడపిల్లల బడిలో ఆ ఒపెరా ఆడారు. అక్కణ్నుంచి పాట వెంట పాట పట్టుకుని పోయాను. దాదాపు 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో నడిచిన ఈ కాలాన్ని బరోక్ అంటారు. ఆ కాలం ఒపెరాల నిండా ఇలాంటి వాళ్లే. వదిలేసిపోయిన మనిషి కోసం ఏడ్చేవాళ్లు. అందని మనిషి వెంటపడి మతి పోగొట్టుకునేవాళ్లు.

మా అత్త లాంటి వాళ్లు. నా లాంటి వాళ్లు.

మార్కాపురం: చెరిపినా పోని పేరు

గుంటూరు నుంచి వినుకొండ, దొనకొండ మీదుగా నంద్యాల పోయే రైలు దారి మాది. పోను పోను కోస్తా పచ్చదనం వెనకపడిపోతుంది. ఎర్ర నేల, కంది చేలు, బీళ్లు, పడమర అంచున నల్లమల నీలం గీత. చాలా ఏళ్లు మేం ప్రకాశం జిల్లాలోనే ఉన్నాం గానీ, మా మాట వింటే ఒంగోలు వాళ్లకి నవ్వొస్తుంది. 1970లో కొత్త జిల్లా పుట్టేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారింది గానీ యాస మారలేదు.

ముందు మార్కాపురంలో దిగాను. అత్త ముందుకి వెళ్లడానికి ధైర్యం చాలక ఒక పూట వాయిదా వేశానంటే నిజం చెప్పినట్టు.

మార్కాపురం అంటే పలకలు. మీ అమ్మానాన్నల్ని అడగండి, వాళ్లు అ ఆలు దిద్దింది ఇక్కడి రాతి మీదే అయ్యుండొచ్చు. ఈ చుట్టుపక్కల భూమిలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి కొడితే పల్చగా విడిపోతుంది. దాన్ని కోసి, నున్నగా అరగదీసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక. ప్లాస్టిక్ పలకలూ నోటు పుస్తకాలూ వచ్చాక ఆ గిరాకీ పోయింది. ఇప్పుడా రాయి ఇళ్ల గోడలకీ నేలకీ పరిచే బండలుగా విదేశాలకి పోతోంది.

చెన్నకేశవస్వామి గుడికి పోయొస్తూ ఒక కొట్లో రాతి పలక, బలపం కొన్నాను. అరుగు మీద కూర్చుని అతని పేరు రాశాను. తడి వేలితో తుడిచాను. పోయింది. రెండు నిమిషాల్లో పలక ఆరింది. ఆరాక ఆ పేరు సన్నగా, బూడిద రంగులో మళ్లీ కనిపించింది. పలక మీద రాసిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతే ఇది. నేను మర్చిపోయాను.

పేర్లు చూసి మతి పోగొట్టుకున్న వీరుడి కథ ఒకటుంది. ఇటలీ కవి లుడోవికో అరియోస్తో 1516లో అచ్చేసిన 'ఓర్లాండో ఫ్యూరియోసో' కావ్యంలోది. ఓర్లాండో మహా యోధుడు. ఏంజెలికా అనే అమ్మాయి కోసం యుద్ధాలు మానుకుని దేశాలు పట్టి తిరుగుతుంటాడు. ఆమె మాత్రం దెబ్బలు తగిలి పడి ఉన్న మెదోరో అనే మామూలు సైనికుణ్ని బతికించి, అతన్నే ఇష్టపడుతుంది. ఇద్దరూ అడవిలో చెట్ల మీద తమ పేర్లు చెక్కుకుంటారు. ఓర్లాండో అక్కడికి వస్తాడు. ఒక చెట్టు మీద చూస్తాడు. ఇది ఇంకెవరో ఏంజెలికా అయ్యుంటుందని సర్దిచెప్పుకుంటాడు. ఇంకో చెట్టు. ఇంకో చెట్టు. చివరికి కవచం పీకి పారేసి, ఆ చెట్లని వేళ్లతో సహా పెకలించుకుంటూ అడవులు పట్టి పోతాడు. లాస్ట్ సీన్ చూసుకుంటూ కూర్చున్న నాకు ఆ రెండో చెట్టు, మూడో చెట్టు బాగా అర్థమయ్యాయి.

బరోక్ కాలంలో ఈ కథ మీద చాలా ఒపెరాలు వచ్చాయి. 1727లో వివాల్డి వెనిస్‌లో చేశాడు. 1733లో హ్యాండెల్ లండన్‌లో చేశాడు. హ్యాండెల్ ఆ పిచ్చిని వినిపించడానికి ఒక చిత్రమైన పని చేశాడు. పాట మధ్యలో కాసేపు తాళాన్ని ఐదు మాత్రలకి మార్చాడు. అప్పటి యూరప్ చెవులకి అది అలవాటు లేని లెక్క. ఇలాంటి తాళాన్ని పిచ్చివాడి నోట తప్ప భరించలేమని తర్వాత చార్లెస్ బర్నీ అనే సంగీత చరిత్రకారుడు రాశాడు.

అది చదివి నవ్వొచ్చింది. ఐదు మాత్రలంటే మన ఖండ చాపు. తక తకిట. మన కచేరీల్లో, మన కూచిపూడి అడుగుల్లో రోజూ వినిపించేదే. లండన్‌లో మతి తప్పిన తాళం మన దగ్గర మామూలు తాళం. తిక్క అనేది మనిషిలో ఎంత ఉంటుందో, లెక్క వేసే ఊళ్లో కూడా అంత ఉంటుందేమో.

కంభం: రాణి పేరు మీద చెరువు

మర్నాడు మధ్యాహ్నానికి కంభంలో దిగాను. ఎండ దిగేదాకా అత్త ఇంటికి పోకుండా నేరుగా చెరువు దగ్గరికే పోయాను.

కంభం చెరువుని మొదటిసారి చూసేవాళ్లు చెరువనుకోరు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కిందికి వచ్చే దారిలో రెండు కొండల మధ్య ఒక ఇరుకు ఉంది. ఆ ఇరుకుకి అడ్డంగా కట్ట వేశారు. అంతే, వెనక ఒక సముద్రం నిలబడిపోయింది. బ్రిటిష్ కాలపు గెజెటీర్ లెక్క ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు. 430 చదరపు మైళ్ల మేర పడిన వాన ఇక్కడికి చేరుతుంది. నేరుగా పారే భూమి సుమారు 10,300 ఎకరాలు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

ఎవరు కట్టించారు అని ఊళ్లో ఎవర్ని అడిగినా వరదరాజమ్మ అంటారు. కృష్ణదేవరాయల భార్య, కళింగ గజపతి కూతురు. కథ ఇలా చెబుతారు. రాయలు కళింగం మీదికి దండెత్తాడు. ఏళ్ల తరబడి యుద్ధం. చివరికి ప్రతాపరుద్ర గజపతి కూతుర్నిచ్చి రాజీ పడ్డాడు. ఆ పిల్ల కత్తి దాచుకుని వచ్చిందని రాయలకి అనుమానమో, కబురో. దాంతో ఆమెని దగ్గరికి రానివ్వలేదు. ఆమె రాజధానికి దూరంగా ఈ కంభంలో ఉండిపోయింది. తన సొమ్ముతో చెరువు కట్టించింది.

ఆమెకి పేర్లు చాలా. కొందరు అన్నపూర్ణ అంటారు, కొందరు జగన్మోహిని అంటారు, సాహిత్యం చదివినవాళ్లు తుక్కాదేవి అంటారు. ఆ పేరు మీదే 'తుక్కా పంచకం' అని ఐదు సంస్కృత శ్లోకాలు నిలిచాయి. వాటిలో బాగా పేరున్న శ్లోకంలో ఒక తుమ్మెద ఉంటుంది, అది దగ్గరికి రాని సంపెంగ ఉంటుంది. ఎక్కడా అరుపు లేదు. ఎవరి తప్పు ఇది అని అడిగి, ఆ నింద విధి మీద పెట్టి ఊరుకోవడమే.

ఇదంతా చరిత్రా, కథా అని విడదీయడం నా వల్ల కాదు. నాకు కుదిరిన లెక్క ఒకటుంది. అరియోస్తో పుస్తకం అచ్చయిన 1516లో రాయలు కళింగ దండయాత్రలోనే ఉన్నాడు. ప్రపంచానికి ఆ చివర ఒక వీరుడు ప్రేమ కోసం మతి పోగొట్టుకునే కథ అచ్చవుతున్నప్పుడే, ఈ చివర ఒక పిల్ల మెడలో తాళి పడే యుద్ధం జరుగుతోంది. ఇంకో ముక్క. రాయలు రాసిన 'ఆముక్తమాల్యద' దేని గురించి? రంగనాథుడి కోసం గోదాదేవి పడిన విరహం గురించి. ఆడమనిషి ఎదురుచూపు మీద అంత గొప్ప కావ్యం రాసిన మనిషికి కంభం దూరమైపోయింది.

కట్ట మీద కూర్చుని ఫోన్‌లో ఇంకో పాట పెట్టాను. మోంటెవెర్డీ 1608లో ఇటలీలోని మాంటువాలో రాజుల పెళ్లి వేడుక కోసం 'అరియానా' అనే ఒపెరా చేశాడు. తెసియస్ అనే వీరుడు తనని నమ్మి వెంట వచ్చిన రాకుమారి అరియానాని ఒక దీవిలో వదిలేసి ఓడెక్కి పోతాడు. లేచి చూసుకున్న ఆమె ఏడుస్తూ పాడుతుంది. ఆ పాట విని సభలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారని అప్పుడే రాసి పెట్టారు. మోంటెవెర్డీ భార్య క్లాడియా అంతకు ముందు ఏడాదే చనిపోయింది. ఆ ఒపెరా సంగీతమంతా కాలంలో పోయింది. ఒక్క ఆ ఏడుపు మాత్రం మిగిలింది.

ఇక్కడ కూడా అంతే కదా. కోటలు, యుద్ధాలు, రాజీలు అన్నీ పోయి, ఐదు శ్లోకాలూ ఒక చెరువూ మిగిలాయి.

"తెలివైంది. నాకు తట్టలా"

"ఏందే, ఇట్ట చిక్కిపోయినావు? మీ అమ్మ పంపిచ్చిందా, నువ్వే వచ్చినావా?"

వెనక్కి తిరిగితే అత్త. నేనే ఇంటికి పోయి తలుపు కొట్టాలనుకున్నాను. సాయంత్రమైంది కదా, ఆమే కట్ట మీదికి వచ్చింది.

"నేనే వచ్చినా అత్తా."

ఇంకేం అడగలేదు. పక్కన కూర్చుంది. జుట్టు సగం తెల్లబడింది. వేళ్ల మీద సూది గుచ్చిన మచ్చలు. రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని జాకెట్లు కుడుతుందని నాకు తెలుసు, ఎప్పుడూ చూడలేదు.

కట్ట రాళ్ల మీద తెల్ల పెయింటుతో పేర్లున్నాయి. మధ్యలో బాణం గుచ్చిన గుండెలు. ఓర్లాండో కథ ఆమెకి చెప్పాను. ఎందుకు మొదలుపెట్టానో తెలియదు, చెప్పడం మాత్రం ఆపలేకపోయాను. పోయిన మతిని వెతుక్కుంటూ ఆయన స్నేహితుడు చంద్రమండలానికి పోతాడనీ, భూమ్మీద పోయిన వస్తువులన్నీ అక్కడ పోగుపడి ఉంటాయనీ, ఓర్లాండో మతి ఒక సీసాలో దొరికితే తెచ్చి వాసన చూపిస్తే తిక్క కుదిరిందనీ చెబితే అత్త పడీ పడీ నవ్వింది.

"మరి ఆడోళ్ల సీసాలు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని వెనిస్ గురించి చెప్పాను.

ఒపెరా మొదట్లో రాజుల ఇళ్లలో వేడుక. 1637లో వెనిస్‌లో సాన్ కాసియానో అనే థియేటర్ తెరిచి, డబ్బిచ్చిన ఎవరికైనా టికెట్ ఇచ్చారు. మన సురభి వాళ్లు ఊరూరా పందిరి వేసి టికెట్ పెట్టినట్టే అనుకోండి. టికెట్ వచ్చాక జనానికి ఏది కావాలో అదే ఆడాలి కదా. జనానికి పిచ్చి కావాల్సి వచ్చింది. 1641లో 'లా ఫింతా పాత్సా' వచ్చింది. పేరుకి అర్థం పిచ్చి నటించే పిల్ల అని. అందులో అకిలెస్ అనే వీరుడు ఆడవేషంలో ఒక దీవిలో దాక్కుని, అక్కడి రాకుమారి దెయిదామియాతో బిడ్డని కని, యుద్ధం పిలుపు రాగానే పెళ్లి మాటెత్తకుండా బయలుదేరతాడు. ఆ పిల్ల ఏడవదు. పిచ్చిపట్టినట్టు నటిస్తుంది. పొంతన లేని మాటలు, పాట మధ్యలో యుద్ధం అరుపులు. అకిలెస్ భయపడి, సిగ్గుపడి పెళ్లి చేసుకుంటాడు. అన్నా రెంజి అనే గాయని ఆ వేషం వేసి ఊరంతా పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత పిచ్చి సీను ఒపెరాల్లో ఒక ఆనవాయితీ అయిపోయింది.

అత్త కాసేపు నీళ్ల వైపు చూసింది.

"తెలివైంది ఆ పిల్ల. నాకు తట్టలా" అంది.

ఆ రోజుల్లోనే మన దగ్గర

ఇదేదో తెల్లవాళ్ల సంగతి అనుకోకండి. మోంటెవెర్డీ 1643లో పోయాడు. అప్పటికి తంజావూరులో విజయరాఘవ నాయకుడు తెలుగులో యక్షగానాలు రాయిస్తున్నాడు, రాస్తున్నాడు, ఆడిస్తున్నాడు. ఆయన కొలువులో రంగాజమ్మ అనే కవయిత్రి 'మన్నారుదాస విలాసం' రాసింది. పాట, మాట, ఆట కలిసి కథ చెప్పడం, రాజు కొలువు, విరహంతో వేగిపోయే నాయిక. పేరు ఒపెరా కాదు, అంతే. మన కృష్ణా తీరంలో సిద్ధేంద్రయోగి పేరు మీద 'భామాకలాపం' వచ్చింది కూడా ఆ శతాబ్దంలోనే అంటారు. సత్యభామ అలుగుతుంది, వేగిపోతుంది, ఉత్తరం రాస్తుంది, మాధవిని బతిమాలుతుంది. సగం బాధ, సగం నటన. ఏది ఏదో ఆమెకే తెలియదు.

ఇంకో పోలిక చూడండి. బరోక్ ఒపెరాలో మహా వీరుల పాత్రలు సన్నటి, ఎత్తైన గొంతుతో పాడేవారు. హ్యాండెల్ ఓర్లాండోని పాడింది సెనెసీనో. చిన్నప్పుడే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపేసిన కాస్త్రాటో గాయకుల్లో ఒకడు. మన కూచిపూడిలో సత్యభామ అంటే మగవాళ్లే వేసేవారు. వేదాంతం సత్యనారాయణశర్మ గారి భామని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంత పెద్ద కోరికని చూపించాలంటే మామూలు మగ గొంతు, మామూలు ఆడ నడక చాలవని రెండు చోట్లా అనుకున్నారేమో.

నాకు ఐదేళ్లప్పుడు, మామ ఇంకా ఊళ్లోనే ఉన్న రోజుల్లో, అత్త నన్ను తిరునాళ్లకి తీసుకుపోయి ఒళ్లో కూర్చోబెట్టుకుని హరిశ్చంద్ర నాటకం చూపించింది. కాటి సీను. అర్ధరాత్రి దాటింది. హార్మోనియం శ్రుతి పట్టుకుని నటుడు పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీసి తీసి వదిలాడు. జనం "వన్స్ మోర్!" అని అరిచారు. ఎవరో స్టేజీ ఎక్కి ఆయన చొక్కాకి పది రూపాయల నోటు పిన్ను పెట్టారు. ఆయన మళ్లీ మొదటినుంచి అదే పద్యం. ఈసారి రాగం ఇంకా సాగింది. బిడ్డ శవం పక్కన ఉన్న తల్లి పాత్ర ఓపిగ్గా కూర్చుని ఉంది.

బరోక్ ఒపెరా పాట కట్టుబడి కూడా అదే. మొదటి ముక్క, రెండో ముక్క, మళ్లీ మొదటి ముక్క. తిరిగి పాడేటప్పుడు గాయకుడు తన గమకాలన్నీ కురిపించాలి. దాన్ని 'ద కాపో' అంటారు, మొదటినుంచి అని. కథ ఆగిపోతుంది, గడియారం ఆగిపోతుంది. మనసులో ఒక ముల్లు గుచ్చుకున్నప్పుడు మనం చేసేదీ అదే కదా. అదే మాట, మళ్లీ మొదటినుంచి. తేడా ఏంటంటే స్టేజీ మీద అయితే వన్స్ మోర్ అంటారు. ఇంట్లో అయితే "ఇంక చాల్లేవే" అంటారు.

ఇంకో తేడా కూడా ఉంది. 'చింతామణి' నాటకం చూసినవాళ్లకి బిల్వమంగళుడు తెలుసు. వేశ్య మీద మోజుతో ఒళ్లు తెలియక తిరిగి, చివరికి భక్తుడవుతాడు. ఓర్లాండోకి మతి తిరిగొస్తుంది. మగవాడి పిచ్చికి అవతలి ఒడ్డు ఉంది. డైడో చచ్చిపోతుంది. తుక్కాదేవి ఉండిపోతుంది. అత్తకి తాయెత్తు కడతారు.

పదకొండు సార్లు

చీకటి పడే ముందు ఒక ఇయర్‌బడ్ ఆమె చెవిలో పెట్టాను, ఒకటి నేను పెట్టుకున్నాను. డైడో.

ఈ పాటలో ఒక కిటుకు ఉంది. పాట కింద ఒక చిన్న స్వరాల వరస నడుస్తుంది. మంద్రంలో, మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. కింద అడుగు పడగానే మళ్లీ పై మెట్టు మీద మొదలు. ఇలా 11 సార్లు. మార్పు లేదు, జాలి లేదు. పైన రాణి గొంతు మాత్రం ఆ వరస చెప్పినట్టు వినదు. వరస ముగిసిన చోట ఈమె ముగించదు, వరస మొదలైన చోట ఈమె మొదలెట్టదు. ఒకటి గట్టులా నిలబడితే ఒకటి నీళ్లలా ఒరుసుకుంటూ పోతుంది. ఆ కింది వరస లేకపోతే అది పాట కాదు, వట్టి ఏడుపు. పై గొంతు లేకపోతే అది వట్టి లెక్క.

పాట అయ్యాక అత్త ఇయర్‌బడ్ తీసి చేతిలో పెట్టింది.

"ఎవురన్నా సచ్చిపోయినారా?"

"ఆమే చచ్చిపోతాంది."

"ఒకే మాట ఎన్నిసార్లు అంటాంది?"

కింద నడిచే వరస గురించి చెప్పాను. పదకొండు సార్లు అన్నాను.

"నేను అంతకంటే ఎక్కువే అన్యాలే" అంది అత్త. "ఎవురూ టికెట్ కొనలా."

ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏమీ అనలేదు, వద్దని కూడా అనలేదు. కొంగు నా చేతిలో పెట్టి నీళ్లు చూస్తూ కూర్చుంది. మూడు నెలల్లో నాకు ఎవరూ చేయని పని అది. ఇరవై ఏళ్లలో నేను ఆమెకి చేయని పని కూడా.

"రోజూ ఎందుకొస్తావు అత్తా ఇక్కడికి?"

"మొదట మీ మామ కోసరమే. ఈడనుంచి చూస్తే రైలు కూత ఇనపడేది. ఇప్పుడు నీళ్ల కోసరం. ఎంత ఉండాయో చూసి పోతా." ఏ ఏడాది ఏ రాయి దాకా నీళ్లొచ్చాయో, ఏ ఏడాది అడుగు బీటలు తీసిందో వరసగా చెప్పింది. ఊళ్లో ఇది ఇంకెవరికైనా ఇంత బాగా తెలుసా అంటే అనుమానమే.

తూము దగ్గర నుంచి టార్చి వేసుకుని వస్తున్న లస్కర్ ఆమెని చూసి ఆగాడు. "ఏమక్కా, ఈ యేడు పరవాలేదా?" అని అడిగాడు. తూములు విప్పి కట్టే మనిషి నీళ్ల గురించి ఆమెని అడుగుతున్నాడు! కట్ట ఇంత గట్టిగా ఇన్ని వందల ఏళ్లు ఎట్ట నిలబడిందని నేను అడిగితే ఆయన అన్నాడు: "కట్ట ఒక్కదాని వల్ల కాదమ్మా. తూముంది. అలుగుంది. పోయే దారి లేని నీళ్లని ఏ కట్టా ఆపలేదు."

ఆ మాట ఆయన చెరువు గురించే అన్నాడు. నేను మాత్రం పర్సెల్ గురించి విన్నాను. ఐదు శ్లోకాలు, పదకొండు వరసలు, రెండోసారి ఎత్తుకున్న పద్యం. ఇవన్నీ తూములే. మతి పోయినవాళ్ల గొంతుని లోపల పూడ్చి పెట్టకుండా, ఊరి మీద పడనివ్వకుండా, కొలతగా వదిలే దారులు. అత్తకి ఎవరూ ఆ దారి ఇవ్వలేదు. ఆమే ఒకటి వెతుక్కుంది. ఊరు దాన్ని తిక్క అంది.

గిద్దలూరు దాటాక

మర్నాడు గిద్దలూరులో మా ఇంట్లో అమ్మ అన్నం పెడుతూ అడిగింది. "చూసినావా మీ అత్తని? ఎట్లుంది?"

"బాగుంది. జాకెట్ కొలతలు ఇచ్చొచ్చినా."

అమ్మ చేయి గిన్నె మీద ఆగింది.

"నేను ఆమె మాదిరే అయితే అయితాలేమ్మా. ఏం కాదు."

అమ్మ ఏమీ అనలేదు. ఇంకో గరిట పప్పు వేసింది. కాసేపటికి "పండక్కి రమ్మని చెప్పకపోయినావా?" అంది. మా ఇంట్లో ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన మాట అది.

గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి రైలు నల్లమలలోకి దూరుతుంది. రెండు వైపులా అడవి, మలుపులు, సొరంగం. ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. వాట్సాప్ తెరిచినా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది తప్ప ఏమీ చూపించదు. మూడు నెలల్లో మొదటిసారి ఇంతసేపు అతని డీపీ చూడకుండా ఉన్నాను. గాజులపల్లె దగ్గర సిగ్నల్ వచ్చింది.

చూశాను. దాచడమెందుకు?

ఒక్కసారే చూశాను. తర్వాత ఇయర్‌బడ్స్ పెట్టుకుని డైడోని మొదటినుంచి పెట్టాను. వన్స్ మోర్.

మీరు వెళ్లాలనుకుంటే: గుంటూరు–నంద్యాల రైలు దారిలో మార్కాపూర్ రోడ్, కంభం, గిద్దలూరు వరసగా వస్తాయి. చెరువు చూడటానికి వానలు పడ్డాక, సాయంత్రం పూట వెళ్లండి. వినడానికి మూడు చాలు: మోంటెవెర్డీ 'అరియానా' ఏడుపు, పర్సెల్ డైడో చివరి పాట, హ్యాండెల్ 'ఓర్లాండో' రెండో అంకం చివర. కట్ట మీద ఒంటరిగా కూర్చున్న మనిషి కనిపిస్తే ఫొటో తీయకండి. కుదిరితే నీళ్లు ఎంత ఉన్నాయని అడగండి.